ఫ్రెంచి కంచు గడియారాలు, జాపీ కుటుంబం: తరచుగా అడిగే ప్రశ్నలు

గడియారం వెనక "జాపీ ఫ్రేర్" అని ముద్ర ఉంది, ముందు డయల్ మీద ఇంకేదో పారిస్ పేరు ఉంది. ఇంతకీ దీన్ని తయారు చేసింది ఎవరు?

ఎక్కువమంది మొదట అడిగేది ఇదే. డయల్ మీద ఉన్నది చాలాసార్లు అమ్మిన దుకాణం పేరు. లోపల తిరిగే యంత్రం ఫ్రాన్స్ తూర్పు చివర, స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కనున్న బోకూర్ అనే ఊళ్ళో జాపీ వాళ్ళ ఫ్యాక్టరీలో పుట్టింది. బయట కనిపించే కంచు బొమ్మ, ఆకులు, లతలు పారిస్ పోతపనివాళ్ళవి. తెల్లటి ఎనామెల్ డయల్ ఇంకో చేతి పని. అందరి పనినీ ఒక్కచోట చేర్చి డయల్ మీద తన పేరు రాయించుకున్నవాడు షాపు యజమాని. కాబట్టి "ఇది ఫలానావాడు చేసిన గడియారం" అని ఎవరైనా ఒక్క పేరు చెప్పి అమ్మజూపితే, వెనక తలుపు తీసి చూపించమనండి.

జాపీలు ఎవరు? మొదలుపెట్టింది ఎవరు?

ఫ్రెడెరిక్ జాపీ. 1749లో బోకూర్‌లోనే పుట్టాడు, ప్రొటెస్టెంట్ కుటుంబం, తండ్రి గుర్రాలకు లాడాలు కొట్టే కమ్మరి. సరిహద్దు దాటి స్విస్ ఊరు లె లోక్ల్‌కు వెళ్ళి పని నేర్చుకున్నాడు. అక్కడ గురువు అబ్రహాం-లూయీ పెరెలె. చేతికో జేబుకో పెట్టుకుని నడుస్తుంటే దానంతటదే కీ ఎక్కే వాచీ గురించి చదివినవాళ్ళకు ఈ పేరు తెలిసే ఉంటుంది. అదే ఊళ్ళో జానెరె-గ్రీ అనే ఆయన వాచీ భాగాలు కోయడానికి చిన్న చిన్న యంత్రాలు తయారు చేస్తున్నాడు. స్విస్ పనివాళ్ళు వాటిని పెద్దగా పట్టించుకోలేదు, చేతి నైపుణ్యం మీద బతికేవాళ్ళకు యంత్రం నచ్చకపోవడంలో వింతేముంది. జాపీ మాత్రం వాటిని కొనేసి సొంతూరికి పట్టుకొచ్చాడు. 1777లో బోకూర్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు.

మొదట చేసింది గోడ గడియారాలూ కాదు, బల్ల గడియారాలూ కాదు. జేబు వాచీల లోపలి పచ్చి యంత్రాలు, అంటే నగిషీ, తుది సర్దుబాటు లేకుండా సగం తయారైన సరుకు. కొనేవాళ్ళు ఎవరో తెలుసా, స్విస్ వాచీ వ్యాపారులే. వాళ్ళ దగ్గర నేర్చుకుని, వాళ్ళ ఊరి యంత్రాలతోనే సరుకు చేసి, వాళ్ళకే అమ్మాడు.

ఆ యంత్రాల్లో అంత గొప్పతనం ఏముంది?

అంతకుముందు ఒక వాచీ పలకనో పళ్ళచక్రాన్నో ఆకురాయితో రుద్ది రుద్ది చేతితో తీర్చేవాళ్ళు. అది చేతనవ్వాలంటే ఏళ్ళ తరబడి శిష్యరికం కావాలి. జాపీ 1799లో పేటెంట్ తీసుకున్న యంత్రాల్లో పళ్ళు కోసేది వేరు, పలకలు తరిచేది వేరు, చిల్లులు వేసేది వేరు. ఒక్కో మనిషి ఒక్కో యంత్రం ముందు కూర్చుంటాడు, ఒక్క పనే చేస్తాడు. పెద్దగా పని నేర్చుకోనివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కూడా నడపగలరు. సరుకు చౌకైంది అందుకే. దీన్ని ప్రగతి అని మెచ్చుకునేవాళ్ళు ఆ యంత్రాల ముందు పిల్లలు కూడా కూర్చున్న సంగతిని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు, నాకు అది నచ్చదు.

కార్మికులందరినీ ఒకే ఇంట్లో పెట్టి తిండి పెట్టేవాడట, నిజమేనా?

తొలి రోజుల్లో నిజమే. పని, పడక, భోజనం అన్నీ ఒకే కప్పు కింద, యజమాని కుటుంబంతో కలిసి. "మనమంతా ఒకటే కుటుంబం" అనే మాట కంపెనీలు ఇప్పుడు కూడా వాడుతుంటాయి కదా, ఇక్కడ అది అక్షరాలా అమలైంది, దాంతోపాటు పెద్దాయన క్రమశిక్షణ కూడా. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నీ ఆయన చెప్పినట్టే. తర్వాత తరాల్లో అది మారి కార్మికుల కాలనీలు వచ్చాయి. 1860లలో మనవడి తరానికి చెందిన అడాల్ఫ్ జాపీ కట్టించిన కాలనీ ఆయన పేరుతోనే పిలవబడింది. ఇళ్ళు మంచివే, కాకపోతే ఉద్యోగం ఇచ్చేవాడూ ఇల్లు కట్టించేవాడూ ఒకడే అయినప్పుడు ఎదురు మాట్లాడటం ఎంత కష్టమో వేరే చెప్పాలా.

"ఫ్రేర్" అంటే సోదరులు కదా. ఏ సోదరులు?

1806లో ఫ్రెడెరిక్ వ్యాపారాన్ని ముగ్గురు కొడుకులకు అప్పగించాడు. కంపెనీ పేరు అప్పటి నుంచే జాపీ ఫ్రేర్. ఆయన 1812లో పోయాడు. కొడుకులు వాచీలతో ఆగలేదు. చెక్కలోకి దిగే మరమేకులను ఫ్రాన్స్‌లో యంత్రాల మీద పెద్ద ఎత్తున చేసినవాళ్ళలో వీళ్ళు ముందున్నారు. బాద్‌వెల్ అనే పక్క ఊళ్ళో (కడప జిల్లా బద్వేలు కాదు లెండి) బల్ల గడియారాల యంత్రాలు మొదలయ్యాయి. ఈ పేజీ చదివేవాళ్ళకు కావలసిన కథ నిజానికి అక్కడ మొదలవుతుంది.

అంతలో దెబ్బ తగిలింది. 1815లో, వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాక, ఆస్ట్రియా సైన్యం ఆ దారిన వచ్చి బోకూర్ ఫ్యాక్టరీని తగలబెట్టింది. సోదరులు మళ్ళీ కట్టుకున్నారు.

కంచు పని జాపీ వాళ్ళే చేసేవాళ్ళా?

అలంకార కంచు రాజ్యం పారిస్‌ది. జాపీ తర్వాతి కాలంలో పెట్టెతో సహా పూర్తి గడియారాలు అమ్మింది, చౌక రకాలు బోలెడు, కానీ మంచి కంచు గడియారంలో జాపీ వాటా లోపలి యంత్రమే. ఈ విభజన ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఫ్రెంచి విప్లవానికి ముందటి పారిస్‌కు వెళ్ళాలి. అక్కడ ప్రతి వృత్తికీ ఒక సంఘం ఉండేది, ఒకరి పని ఇంకొకరు చేస్తే జరిమానా. గడియారం పనివాడు కంచు పోయకూడదు, పోతపోసేవాడు బంగారు పూత వేయకూడదు. అందుకని ఒక గడియారం పూర్తయ్యేసరికి నాలుగైదు చేతులు మారేది. 1791లో ఆ సంఘాలను రద్దు చేశారు, ఎవరైనా ఏ పనైనా చేయొచ్చు అన్నారు. దాంతో అన్ని పనులనూ ఒకే చూరు కిందికి తెచ్చిన పెద్ద కంచు సంస్థలు పుట్టాయి. పియెర్-ఫిలిప్ తోమీర్ అందులో మకుటం లేని మహారాజు, నెపోలియన్‌కు సరుకు పంపినవాడు. ఆ సంస్థలు కూడా గడియారపు యంత్రం మాత్రం బయట కొనుక్కునేవి.

19వ శతాబ్దంలో అది ఇలా నడిచింది. బోకూర్, బాద్‌వెల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పచ్చి యంత్రం తయారవుతుంది, పారిస్‌కు వస్తుంది, అక్కడ చిన్న చిన్న వర్క్‌షాపుల్లో దాన్ని సానపట్టి, సర్దుబాటు చేసి, గంట బిగిస్తారు. కంచు సంస్థ పెట్టె ఇస్తుంది. గుండ్రటి ఇత్తడి పలకల మధ్య చక్రాలు, ఒక స్ప్రింగ్ నడకకు, ఒకటి గంట కొట్టడానికి, చిన్న లోలకం, కొలతలన్నీ దాదాపు ఒకేలా. కంచు బొమ్మలో వదిలిన గుండ్రటి ఖాళీలో ఏ ఫ్యాక్టరీ యంత్రమైనా కూర్చునేది, సెల్‌ఫోన్ ఛార్జర్ అన్ని కంపెనీలకీ ఒకటే అయినట్టు. ఒక కంచు డిజైన్‌ను ఇరవై ఏళ్ళపాటు పోస్తూ పోవచ్చు, లోపల యంత్రం మారుతూ ఉంటుంది. అందుకే ఒకే బొమ్మ ఉన్న రెండు గడియారాల్లో రెండు వేర్వేరు ముద్రలు కనిపిస్తే కంగారు పడకండి.

బంగారు పూత ఎలా వేసేవాళ్ళు? నిజం బంగారమేనా?

నిజం బంగారమే, కానీ ఆ పూత వెనక కథ వినడానికి బాగోదు. బంగారాన్ని పాదరసంలో కలిపితే వెన్నలాంటి ముద్ద వస్తుంది. శుభ్రం చేసిన కంచు మీద దాన్ని బ్రష్‌తో పూసి నిప్పుల మీద పెడతారు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం కంచుకు పట్టుకుని ఉండిపోతుంది. తర్వాత కొన్ని చోట్ల రాతి పనిముట్టుతో రుద్ది మెరిపిస్తారు, కొన్ని చోట్ల కావాలనే మసకగా వదిలేస్తారు. మంచి పాత గడియారంలో బొమ్మ ముఖం మసకగా, బట్ట అంచు మెరుస్తూ ఉండేది ఇందుకే, ఆ రెండింటి తేడా చూడటానికే నేను భూతద్దం కొనుక్కున్నాను.

ఆ ఆవిరి మాత్రం పూత వేసేవాడి ఊపిరితిత్తుల్లోకి పోయేది. చేతులు వణకడం, పళ్ళు ఊడిపోవడం, మతి చెదరడం, చిన్న వయసులోనే చావు. ఇది అప్పుడే అందరికీ తెలుసు. కంచు వ్యాపారంలో పేరున్న ఆంద్రే-ఆంత్వాన్ రావ్రియో 1814లో చనిపోతూ, ఈ పనివాళ్ళను కాపాడే ఉపాయం కనిపెట్టినవారికి ఇమ్మని 3,000 ఫ్రాంకులు వదిలి వెళ్ళాడు. తన సంపద ఎవరి ఊపిరి మీద వచ్చిందో ఆయనకు తెలుసన్నమాట. రసాయన శాస్త్రవేత్త దార్సే గాలిని గట్టిగా పైకి లాగేసే పొగగొట్టపు కొలిమి తయారు చేసి, 1818లో ఆ బహుమతి గెలుచుకున్నాడు. అందరూ దాన్ని పెట్టుకున్నారా అంటే లేదు, డబ్బు ఖర్చు కదా. 1840ల నుంచి కరెంటుతో పూత వేయడం వచ్చాకే పాదరసం వాడకం తగ్గుతూ వచ్చింది. కరెంటు పూత పల్చగా, అంతటా ఒకే రంగులో ఉంటుంది. పాత పూత కాస్త మందంగా, వెచ్చటి రంగులో ఉంటుంది, లోపలివైపు అడ్డదిడ్డంగా చిందినట్టు కూడా కనిపిస్తుంది.

నా దగ్గరున్నది కంచా, వేరే లోహమా? ఎలా తెలుస్తుంది?

అయస్కాంతంతో పరీక్షించమని ఎవరో సలహా ఇచ్చుంటారు. దండగ, కంచుకూ అంటుకోదు, జింకుకూ అంటుకోదు. 19వ శతాబ్దం మధ్య నుంచి చౌక బొమ్మలన్నీ జింకు కలిపిన మెత్తటి లోహంతో పోసి, పైన కంచు రంగో బంగారు రంగో వేసేవాళ్ళు. బొమ్మను అడుగు నుంచి చూడండి, ఎవరికీ కనిపించని చోట సూదితో చిన్న గీత గీయండి. గీత పసుపుగా ఉంటే కంచు లేదా ఇత్తడి, బూడిద తెలుపులో ఉంటే జింకు. ఇంకో గుర్తు, చేతివేళ్ళు, కత్తి, వీణ లాంటి సన్నటి భాగాలు విరిగి అతికించి ఉంటే అది చాలావరకు జింకే, ఎందుకంటే కంచు వంగుతుంది గానీ అంత సులువుగా పుటుక్కుమనదు. జింకు అని తేలితే మొహం మాడ్చుకోవాల్సిన పనేం లేదు, లోపలి యంత్రం రెండింట్లోనూ ఒకటే.

వెనక ముద్రలో 1855 అని ఉంది. అంటే ఆ ఏడాది చేసినదా?

కాదు. 1855 పారిస్ ప్రదర్శనలో జాపీకి గొప్ప గౌరవ పతకం వచ్చింది, ఆ సంగతి తర్వాత దశాబ్దాలపాటు ముద్రలో వేసుకుంటూ పోయారు. పోటీదారులూ అంతే. విన్సెంటి ముద్రలో 1834 రజత పతకం, సామ్యుయెల్ మార్తి ముద్రలో 1900 బంగారు పతకం. ముద్రలోని సంవత్సరం "దీనికంటే ముందు కాదు" అని మాత్రమే చెబుతుంది. వేలం ప్రకటనల్లో "1855 నాటి అరుదైన" అని కనిపిస్తే ఒక నవ్వు నవ్వి ముందుకు సాగండి.

కాలం పట్టుకోవాలంటే లోపలి పనితనం చూడాలి. లోలకం పట్టుదారానికి వేలాడుతుంటే సుమారు 1850కి ముందుది. సన్నటి ఉక్కు రేకుకు వేలాడుతూ, డయల్‌లో 12 దగ్గర చిన్న చతురస్రపు మొన ఉంటే ఆ తర్వాతిది. గంటలు లెక్కపెట్టడానికి వెనక పలక మీద గాట్లున్న పెద్ద చక్రం ఉంటే పాత పద్ధతి, 1880ల దాకా అది మామూలే. అది లేకుండా ముళ్ళు ఎక్కడుంటే అన్ని గంటలే కొడితే కొత్త పద్ధతి. కానీ ఫ్యాక్టరీలు పాత భాగాలను అయిపోయేదాకా వాడేవి కాబట్టి ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పొద్దు.

వెనక పలక మీద "5 4" అని రెండు చిన్న అంకెలున్నాయి. అదేమిటి?

లోలకం పొడవు. పాత ఫ్రెంచి అంగుళాల్లో 5, ఆ అంగుళంలో పన్నెండో వంతులు 4. ఫ్రెంచి అంగుళం మన అంగుళం కంటే కాస్త పెద్దది, సుమారు 27 మిల్లీమీటర్లు. మెట్రిక్ పద్ధతి వచ్చి దశాబ్దాలైనా గడియారాల వాళ్ళు ఈ పాత కొలత వదల్లేదు. మీ లోలకం పోయిందనుకోండి, ఏ పొడవుది వెతకాలో ఆ అంకెలే చెబుతాయి. పక్కనున్న పొడవాటి సంఖ్య వరుస నంబరు. చాలామంది దాన్ని సంవత్సరం అనుకుంటారు.

12 దగ్గరున్న ఆ చిన్న మొన ఎందుకు?

పారిస్ గడియారాల పనివాళ్ళు బ్రోకోల పుణ్యం. అంతకుముందు గడియారం వేగం మార్చాలంటే తిప్పి, వెనక తలుపు తీసి, లోలకం కింది మర తిప్పాలి. గాజు గుమ్మటం కింద పొయ్యి గూటి మీద కూర్చున్న బరువైన కంచును ప్రతిసారీ ఎవరు ఎత్తుతారు. బ్రోకో ఏర్పాటులో ముందు నుంచే చిన్న కీతో తిప్పితే చాలు, లోలకం పొడుగో పొట్టో అవుతుంది. చాలా గడియారాల్లో రెండు వైపులా మొనలుండే కీ ఇచ్చేవాళ్ళు, పెద్ద వైపు స్ప్రింగ్‌కు, చిన్న వైపు దీనికి.

మార్తి, విన్సెంటి, పోన్స్... వీళ్ళు జాపీకి ఏమవుతారు?

ఏమీ కారు, పోటీదారులు. మార్తి, విన్సెంటి బోకూర్ దగ్గర్లోని మోంబెలియార్ ప్రాంతం వాళ్ళే. ఒనొరే పోన్స్ మాత్రం ఉత్తరాన, నార్మండీలోని సాన్-నికొలా-దాలియెర్మోన్ అనే ఊళ్ళో. నాణ్యతలో ఎవరు గొప్ప అని వాదించుకునేవాళ్ళున్నారు. నా అభిప్రాయం అడిగితే, పోన్స్ పనితనం ఒక మెట్టు పైన, మార్తి నమ్మకమైనది, జాపీలో చాలా మంచివీ ఉన్నాయి, గంపగుత్తగా తోసేసినవీ ఉన్నాయి. అంత పెద్ద ఎత్తున చేస్తే ఇంకెలా ఉంటుంది.

జాపీ పేరుతో కాఫీ మిల్లు, టైప్‌రైటర్ చూశాను. అదే కంపెనీయా?

అదే. మరమేకులు, తాళాలు, కాఫీ గింజలు మరపట్టే మిల్లులు, ఎనామెల్ గిన్నెలు, లాంతర్లు, పంపులు, 1910 నుంచి టైప్‌రైటర్లు. పక్క ఊళ్ళ ప్యూజో కుటుంబం కూడా ఇలాగే రంపాలు, కాఫీ మిల్లులతో మొదలై సైకిళ్ళు, కార్ల దాకా వెళ్ళింది. జాపీలు కార్ల వైపు గట్టిగా దూకలేదు. ఒకరి పేరు ప్రపంచానికంతా తెలిసి, ఇంకొకరిది పాత సామాన్ల సంతల్లో మిగలడానికి అది పెద్ద కారణం అనుకుంటాను.

1899 గురించి అందరూ ఏదో చెబుతుంటారు. ఆ ఏడాది ఏం జరిగింది?

జాపీ పేరు మీద శని కూర్చున్నట్టు అన్నీ ఆ ఏడాదే. ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫెలిక్స్ ఫోర్ తన అధికార భవనంలోనే హఠాత్తుగా చనిపోయాడు, ఆ సమయంలో ఆయనతో ఉన్నది మార్గరీత్ స్టైన్‌హైల్. పుట్టింటి పేరు జాపీ, పుట్టింది బోకూర్‌లో. పత్రికలు ఎంత రాసుకున్నాయో చెప్పక్కర్లేదు. 1908లో ఆమె భర్త, తల్లి ఇద్దరూ ఇంట్లోనే హత్యకు గురైతే ఆమెనే నిందితురాలిగా నిలబెట్టారు, మరుసటి ఏడు కోర్టు నిర్దోషిగా వదిలేసింది.

అదే 1899లో బోకూర్ ఫ్యాక్టరీల్లో పెద్ద సమ్మె. డిసెంబరులో ఫ్రాన్స్ సోషలిస్టు వర్గాలన్నీ తొలిసారి ఒకే మహాసభగా కూర్చున్నాయి, ఎక్కడా అంటే పారిస్‌లో ఫ్రెడెరిక్ జాపీ పేరు పెట్టిన వీధిలోని జాపీ వ్యాయామశాలలో. ఫ్యాక్టరీ యజమాని పేరున్న హాల్లో యజమానులకు వ్యతిరేకంగా ఉపన్యాసాలు! ఆ కుటుంబంలో రాజకీయాల్లోకి వెళ్ళిన గాస్తోన్ జాపీ సమ్మెలు చేయని "పసుపు" సంఘాలను వెనకేసుకొచ్చినవాడు.

ఇంకో జాపీని కూడా చెప్పాలి. విమానం నడిపే ఆంద్రే జాపీ 1936లో పారిస్ నుంచి టోక్యోకు ఒంటరిగా బయలుదేరి, దాదాపు చేరాడనగా జపాన్‌లోని సెఫురి కొండ మీద కూలిపోయాడు. ఆ కొండ పల్లెవాళ్ళు వెతికి పట్టుకుని మోసుకొచ్చి బతికించారు.

కంపెనీ ఇప్పుడు ఉందా?

లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ముక్కలై, ఒక్కో విభాగం ఒక్కో చేతికి పోయి, 1979 నాటికి ముగిసింది. బోకూర్‌లో పాత ఫ్యాక్టరీ భవనంలో ఫ్రెడెరిక్ జాపీ పేరుతో మ్యూజియం ఉంది, వాచీ యంత్రాల దగ్గర్నుంచి గిన్నెలు, టైప్‌రైటర్ల దాకా అన్నీ అక్కడ చూడొచ్చు.

మన దగ్గర ఫ్రెంచి గడియారాలు ఎక్కడ చూడొచ్చు?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో. గంట గంటకీ జనం గుమిగూడే సంగీత గడియారం ఇంగ్లీషు వ్యాపారులు కుక్ అండ్ కెల్వీ పేరుతో వచ్చినది, దానితో మన కథకు సంబంధం లేదు. అది చూసి వెళ్ళిపోకుండా గడియారాల గదిలోకి నడవండి, యూరప్ దేశాల గడియారాల మధ్య ఫ్రెంచి కంచు కనిపిస్తుంది. ఆ గదిలో జనం తక్కువ, నింపాదిగా చూసుకోవచ్చు.

మా తాతగారి గడియారం ఆగిపోయింది. కీ గట్టిగా ఇచ్చేయడం వల్లా?

కీ ఎక్కువ ఇవ్వడం వల్ల గడియారం పాడవదు. స్ప్రింగ్ చివరిదాకా చుట్టుకున్నాక అదే ఆగుతుంది. నడవకపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఎండి జిగురైపోయిన పాత నూనె, లేదా గడియారం వంకరగా కూర్చోవడం. టిక్, టాక్ రెండింటి మధ్య సమయం సమానంగా వినిపించాలి. ఒకటి కుంటుతుంటే ఒక వైపు కింద అట్టముక్క పెట్టి చూడండి, చాలా గడియారాలు అంతటితోనే నడుస్తాయి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయొద్దు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరిపేటప్పుడు ముందు లోలకం తీసేయండి, లేదంటే ఆ సన్నటి ఉక్కు రేకు మెలికపడి విరుగుతుంది. పెద్ద ముల్లును వెనక్కి తిప్పొద్దు. పాత గాట్ల చక్రం రకమైతే ముందుకు తిప్పుతూ ప్రతి గంట, అరగంట దగ్గర ఆగి అది కొట్టేదాకా ఓపిక పట్టాలి. లేకపోతే మూడు గంటలకు పదకొండు కొడుతుంది, ఇంట్లోవాళ్ళు మీ మీద పడతారు. స్ప్రింగ్ ఉన్న డబ్బాను మాత్రం మీరు విప్పకండి, వేళ్ళు పోతాయి.

కంచు నల్లబడింది. చింతపండుతో తోమొచ్చా?

వద్దు. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, పాలిష్ డబ్బాలు, ఏవీ వద్దు. దేవుడి గదిలో ఇత్తడి కుందులకు అవి బాగానే పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ పైపొర పోతే కింద మళ్ళీ ఇత్తడే. ఇక్కడ పైపొరే బంగారం, అదీ వెంట్రుకలో ఎన్నో వంతు మందం. ఒక్క ఆదివారం ఉత్సాహంగా తోమారంటే రెండు వందల ఏళ్ళ పూత సింకులోకి పోతుంది, మిగిలేది పచ్చటి ఇత్తడి రంగు బొమ్మ. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి చాలు. పొగ, జిడ్డు పేరుకుపోతే కంచు భాగాలను యంత్రం నుంచి విడదీసి శుభ్రం చేయగల మనిషికి ఇవ్వండి. అలాంటి మనిషి దొరికేదాకా అలాగే ఉంచండి, నల్లగా ఉన్నా నష్టం లేదు.

అమ్మితే ఎంత వస్తుంది?

ఫోటో చూసి ధర చెప్పను. నల్ల రాతి పెట్టెలో ఉన్న మామూలు జాపీ యంత్రాలు ప్రపంచమంతా కొల్లలు, వాటికి పెద్ద ధర రాదు. పాదరసపు పూత చెక్కుచెదరని మంచి కంచు, దానితో పుట్టిన యంత్రం, జత కొవ్వొత్తి స్తంభాలు కూడా ఉంటే లెక్క వేరు. జత విడదీసి అన్నదమ్ములు పంచుకుంటామని ఈమధ్య ఒకరు అడిగారు. గడియారం ఒకరికి, స్తంభాలు ఒకరికి. అలా చేస్తే ఇద్దరికీ నష్టమే, ఒకరు తీసుకుని రెండోవారికి డబ్బు ఇచ్చేయండి.